హైస్కూలు లెక్కల క్లాసులో టెక్నాలజీ ప్రాజెక్టులు: టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

8, 9, 10 తరగతులకు లెక్కలు చెప్పే టీచర్ల కోసం రాసినది. పెద్ద ల్యాబులున్న బడిని కాదు, నాలుగైదు పనిచేసే కంప్యూటర్లు గానీ, గోడకు ఒక ఐఎఫ్‌పీ ప్యానెల్ (తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ తెర) గానీ ఉన్న మామూలు జిల్లా పరిషత్ హైస్కూలును దృష్టిలో పెట్టుకొని జవాబులిచ్చాను. ప్రైవేటు బడుల వాళ్లకూ చాలావరకు పనికొస్తాయి.

ముందు యాప్ ఎంచుకోవాలా, పాఠం ఎంచుకోవాలా?

ముందు ప్రశ్న ఎంచుకోండి. "జియోజీబ్రాతో (గ్రాఫులు, జ్యామితి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) ఏదో ఒకటి చేయిద్దాం" అని మొదలైన ప్రాజెక్టు నాలుగు రంగుల బొమ్మలతో ఆగిపోతుంది. "త్రికోణమితి మీద ఏదైనా చేసుకురండి" అంటే పిల్లలు చార్టు మీద సూత్రాలు రాసి, అంచులకు జరీ కాగితం అంటించి తెస్తారు. "మన బడి ముందున్న సెల్ టవర్ ఎత్తెంత? మీ జవాబులో ఎన్ని మీటర్లు అటూ ఇటూ ఉండొచ్చు?" అని అడిగితే పని మొదలవుతుంది. మొదటి ముక్క పాఠంలోనే ఉంది. రెండో ముక్క వల్ల అది ప్రాజెక్టు అవుతుంది.

ప్లాను రాసుకునేటప్పుడు నేను పాటించే నియమం ఒకటుంది: మొదట కొంత పని చేత్తో జరగాలి, చెయ్యి అలిసిన చోటికి కంప్యూటర్ రావాలి. ఇరవై సార్లు పాచిక వేసిన పిల్లవాడికి వెయ్యి సార్లు వేసిపెట్టే స్ప్రెడ్‌షీట్ విలువ తెలుస్తుంది. మొదటి రోజే స్ప్రెడ్‌షీట్ ముందు కూర్చోబెడితే అది వాడికి అంకెలు కురిపించే పెట్టె మాత్రమే. కింద చెప్పిన ప్రాజెక్టులన్నీ ఈ వరసలోనే ఉంటాయి.

పదో తరగతికి ప్రాజెక్టులా? సిలబస్ ఎప్పుడవ్వాలి?

సంక్రాంతి తర్వాత వద్దే వద్దు. స్పెషల్ క్లాసులు, ప్రీ-ఫైనల్స్ మధ్య ఏ ప్రాజెక్టూ బతకదు. పదికి జులై నుంచి నవంబరు లోపు ఒకటి, మరీ వీలైతే రెండు. అవి కూడా పాఠం అయ్యాక అదనంగా కాదు, పాఠంలో భాగంగానే జరగాలి. వాస్తవ సంఖ్యలు, బహుపదులు ఎలాగూ మొదట్లోనే వస్తాయి కాబట్టి ముగ్గు ప్రాజెక్టు, వంతెన ప్రాజెక్టు (రెండూ కింద ఉన్నాయి) అక్కడ సరిపోతాయి. ధైర్యంగా ప్రయోగాలు చేయాలంటే ఎనిమిది, తొమ్మిది తరగతులే మేలు.

ఒక ప్రాజెక్టుకు ఎన్ని పీరియడ్లు కావాలి?

ఐదు పెట్టుకోండి. మొదటి దాంట్లో ప్రశ్న, చేతి లెక్క. రెండోది ఆరుబయట, లేదా ఇంట్లో సేకరించిన వివరాలు సరిచూసుకోవడానికి. మూడు, నాలుగు కంప్యూటర్ దగ్గర. ఐదోది ప్రశ్నలడగడానికి. ఈ చివరి పీరియడే అందరూ ఎగ్గొట్టేది. పిల్లలు నిజంగా ఏం నేర్చుకున్నారో తెలిసేది కూడా అక్కడే.

వాస్తవ సంఖ్యల పాఠంలో, గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం) మీద, ప్రాజెక్టేముంటుంది?

మెలికల ముగ్గు ఉంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రాజెక్టు ఇదే.

అడ్డంగా, నిలువుగా సరిచుక్కలు పెట్టి, ప్రతి చుక్క చుట్టూ తిరిగి వచ్చేలా ఏటవాలు గీతలతో మెలికలు వేసుకుంటూ పోవాలి. అంచుకు వచ్చినప్పుడు గీత వెనక్కి మళ్లుతుంది. అడ్డం 3, నిలువు 4 చుక్కలతో వేస్తే చెయ్యెత్తకుండా ఒకే గీతతో ముగ్గు పూర్తవుతుంది. 4, 6 చుక్కలతో వేస్తే ఒక గీత బయల్దేరిన చోటికే తిరిగొచ్చేసినా కొన్ని మలుపులు మిగిలిపోతాయి. వాటికి రెండో గీత కావాలి. 4, 4 అయితే నాలుగు గీతలు. పిల్లలు ఈ పట్టిక నింపుతూ పోతే ఏడెనిమిది వరసల తర్వాత ఎవరో ఒకరు "సార్, ఇది గ.సా.భా.!" అంటారు. అవును, గీతల సంఖ్య ఆ రెండు సంఖ్యల గ.సా.భా. అవుతుంది. సాపేక్ష ప్రధాన సంఖ్యలైతే (1 తప్ప వేరే ఉమ్మడి భాజకం లేకపోతే) ఒకటే గీత.

ఇక్కడిదాకా కాగితం, సుద్దముక్క చాలు. 12, 18 చుక్కల ముగ్గు దగ్గర చెయ్యి అలుస్తుంది. అప్పుడు కంప్యూటర్. కోడింగ్ వచ్చిన పిల్లలుంటే పైథాన్ భాషలోని టర్టిల్‌తో (చెప్పినట్టు నడుస్తూ గీత గీసే తెర మీది తాబేలు) గీత నడిచే దారిని రాయించండి. క్యారమ్ బోర్డు అంచుకు తగిలిన కాయిన్ మళ్లినట్టే గీత మళ్లుతుంది, కాబట్టి నియమం చిన్నదే. కోడింగ్ రాకపోతే స్ప్రెడ్‌షీట్‌లో అడ్డం, నిలువు చుక్కల సంఖ్యలు రెండు వరసలుగా ఇచ్చి, జీసీడీ ఫంక్షన్‌తో పట్టిక తీయించండి. ఒకే గీతతో పూర్తయ్యే గళ్లన్నిటికీ రంగు వేయిస్తే ఆ రంగు పరుచుకునే తీరు మీదే మరో అరగంట చర్చ నడుస్తుంది.

ఒక జాగ్రత్త. ఈ లెక్క దీర్ఘచతురస్రంలా పెట్టిన సరిచుక్కల ముగ్గుకే. సందుచుక్కల ముగ్గుకు నేరుగా కుదరదు. ఎవరింట్లోనైనా నాయనమ్మ సందుచుక్కల ముగ్గు వేసి "మీ సారు లెక్క తప్పు" అంటే, ఆ పిల్లకు తర్వాతి ప్రాజెక్టు దొరికినట్టే.

బహుపదుల గ్రాఫులకు నిజ జీవితంలో మంచి ఉదాహరణ?

రాజమండ్రి దగ్గర గోదావరి ఆర్చి వంతెన. 1997లో రైళ్లు మొదలైన ఈ వంతెనకు 28 స్పాన్లు, ఒక్కొక్కటి 97.55 మీటర్లు. ఆ పొడవు తెలిసి ఉండడమే మన అదృష్టం, ఎందుకంటే ఫొటోకు స్కేలు దానితోనే దొరుకుతుంది.

జియోజీబ్రాలో వంతెన ఫొటో ఎక్కించండి. ఒక ఆర్చి ఎడమ పాదాన్ని మూలబిందువు మీద, కుడి పాదాన్ని 97.55 దగ్గర కూర్చోబెట్టండి. ఇప్పుడు పిల్లల్ని అడగండి: 0, 97.55 శూన్యాలుగా ఉన్న వర్గ బహుపదులు ఎన్ని? లెక్కలేనన్ని. మన ఆర్చికి దగ్గరగా వచ్చేది ఏది? తేలాల్సింది ఒక్క గుణకమే, దానికి స్లైడర్ పెట్టండి. "శూన్యాలు తెలిసినా బహుపది పూర్తిగా తెలియదు" అన్న మాట పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఎక్కదు. స్లైడర్ జరుపుతూ పరావలయం లేస్తూ పడుతూ ఉంటే రెండు నిమిషాల్లో ఎక్కుతుంది.

చాలామంది ఆగిపోయేది ఇక్కడే: స్లైడర్ మామూలుగా మైనస్ 5 నుంచి 5 వరకు, 0.1 చొప్పున కదులుతుంది. ఈ వంతెనకు కావలసిన గుణకం చాలా చిన్నది, సుమారు మైనస్ 0.01 చుట్టుపక్కల. అందుకే స్లైడర్ కొంచెం కదిపినా పరావలయం తెర దాటి పోతుంది, "సాఫ్ట్‌వేర్ పనిచేయట్లేదు సార్" అంటారు. స్లైడర్ సెట్టింగుల్లో మైనస్ 0.02 నుంచి 0 వరకు, 0.0001 చొప్పున పెట్టండి. గుణకం రుణాత్మకమే ఎందుకవ్వాలో ముందే అడిగి చెప్పించండి.

ఫొటో పక్క నుంచి, ఆర్చికి ఎదురుగా తీసినదై ఉండాలి. ఏటవాలుగా తీసిన అందమైన సూర్యాస్తమయం ఫొటో మన పనికి రాదు. వంపు పరావలయంతో అచ్చంగా సరిపోవాలనీ లేదు. ఎక్కడ ఎంత తేడా వచ్చిందో రాయడమే ప్రాజెక్టు.

రెండు కరెంటు స్తంభాల మధ్య వేలాడే తీగను మాత్రం పరావలయానికి ఉదాహరణగా ఇవ్వకండి. అలా కనిపిస్తుంది గాని కాదు. తన బరువుకు తాను వేలాడే తీగ వంపు వేరు, దాని సమీకరణం హైస్కూలు స్థాయి దాటినది. హైదరాబాద్ దుర్గం చెరువు కేబుల్ వంతెన ఫొటో దొరికితే అక్కడి తీగలు తిన్నటి గీతలు కాబట్టి రేఖీయ సమీకరణాలకు, వాలుకు బాగా పనికొస్తుంది.

సెల్ టవర్ ఎత్తు కొలిచే ప్రాజెక్టు పాతదే కదా?

పాతదే. కొలతలో వచ్చే దోషం ఎంతో లెక్కకట్టడంలోనే కొత్తదనం ఉంది. కోణం కొలవడానికి ఫోన్ యాప్ వాడండి, లేదా కోణమానిని, స్ట్రా, దారం కట్టిన రాయితో చేసుకోండి. ఏది వాడినా ఒక డిగ్రీ అటూ ఇటూ అవుతుంది. ఆ డిగ్రీ ఖరీదెంత?

కంటికి పైన 20 మీటర్లున్న టవర్‌ను 20 మీటర్ల దూరం నుంచి చూస్తే కోణం 45 డిగ్రీలు. పొరపాటున 46 అని చదివితే జవాబు 20.71 మీటర్లు వస్తుంది, అంటే 71 సెంటీమీటర్ల తేడా. అదే టవర్‌ను 7.28 మీటర్ల దగ్గరకు వెళ్లి చూస్తే కోణం 70. అక్కడ 71 అని చదివితే 21.14 వస్తుంది. తేడా 1.14 మీటర్లకు పెరిగింది. మరి ఎక్కడ నిలబడి కొలవాలి? పిల్లలు స్ప్రెడ్‌షీట్‌లో 10 నుంచి 80 డిగ్రీల వరకు ఒక వరస, దోషం ఒక వరస వేసి గ్రాఫు గీస్తే 45 దగ్గర లోయ కనిపిస్తుంది. మరీ దూరం పోయినా నష్టమే, మరీ దగ్గరకు పోయినా నష్టమే.

కంటి ఎత్తు కలపడం ప్రతి గ్రూపూ మరిచిపోతుంది. మీరు గుర్తు చేయకండి. అన్ని గ్రూపుల జవాబులూ బోర్డు మీద రాసి, ఎందుకు తేడా వచ్చిందో వాళ్లనే వెతకనివ్వండి.

సంభావ్యతకు పాచికలు, నాణేలు కాకుండా ఇంకేమైనా?

గవ్వలు. అష్టాచెమ్మా ఆడని ఇల్లు తక్కువ. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. నాణెంలా గవ్వకు రెండు వైపులూ సమానమా? పాఠ్యపుస్తకం అన్నిచోట్లా "సమసంభవ ఘటనలు" అనుకొని లెక్క కడుతుంది. గవ్వ దగ్గర ఆ మాట ఒప్పుకోవడానికి ఆధారం లేదు, కొలిచి చూడాల్సిందే.

ఒక్కో గ్రూపు ఒక గవ్వను వంద సార్లు వేసి ఎన్నిసార్లు వెల్లకిలా పడిందో రాసుకోవాలి. గవ్వలు లేకపోతే ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు తీసుకోండి. వచ్చిన ప్రాయోగిక సంభావ్యతను స్ప్రెడ్‌షీట్‌కు ఇవ్వాలి. ర్యాండ్ ఫంక్షన్ 0కీ 1కీ మధ్య ఒక సంఖ్య ఇస్తుంది, అది మనకొచ్చిన విలువ కన్నా తక్కువైతే 1, లేకపోతే 0. ఇలాంటి గళ్లు నాలుగు పక్కపక్కన, చివర మొత్తం. ఆ వరసను వెయ్యి వరకు లాగి, మొత్తం 4 వచ్చినవి (చెమ్మా), 0 వచ్చినవి (అష్టా) ఎన్నో కౌంటిఫ్ ఫంక్షన్‌తో లెక్కిస్తే వెయ్యి పందేలు వేసినట్టే. ఎఫ్9 నొక్కితే మళ్లీ కొత్త వెయ్యి.

గవ్వ సమానంగా పడేదైతే చెమ్మా, అష్టా రెండూ పదహారింట ఒకసారి రావాలి. నూటికి 60 సార్లు వెల్లకిలా పడేదైతే చెమ్మా నూటికి దాదాపు 13 సార్లు వస్తుంది, అష్టా మూడు సార్లు కూడా రాదు. మీ గవ్వలు ఏ లెక్క చెబుతాయో ముందే చెప్పలేం. అందుకే ఈ ప్రాజెక్టును పక్క సెక్షన్ వాళ్ల నోట్‌బుక్కు చూసి రాయడం కుదరదు.

సాంఖ్యక శాస్త్రానికి వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ పోర్టల్‌లో మార్కెట్ల వారీగా, పంట వారీగా రోజువారీ ధరలుంటాయి. మదనపల్లె టమాటా, గుంటూరు మిర్చి, వరంగల్ పత్తి, ఏది మీ ఊరికి దగ్గరైతే అది. కనిష్ఠ, గరిష్ఠ ధరలతో పాటు ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో కూడా ఇస్తారు, అది పాఠంలోని బాహుళకమే. నెల రోజుల టమాటా ధరల సగటు, మధ్యగతం తీయించి, "మీ నాన్న పంట అమ్మేముందు ఏ సంఖ్య చూసుకోవాలి?" అని అడగండి. రైతు పిల్లలున్న క్లాసులో ఈ చర్చ పీరియడ్ అయిపోయినా ఆగదు.

కరెంటు బిల్లు కూడా మంచి వనరు. శ్లాబు మారిన చోట గ్రాఫు వాలు మారుతుంది. రేట్లు మారుతూ ఉంటాయి కాబట్టి ఇంటి బిల్లు చూసే రాసుకోమనండి.

పనిలో పని, సగటు కట్టే సోపాన విచలన పద్ధతి గురించి పిల్లలకు ఒక నిజం చెప్పేయొచ్చు. అది చేతితో లెక్క కట్టేవాళ్ల శ్రమ తగ్గించడానికి పుట్టినది. కంప్యూటర్‌కు దాని అవసరం లేదు. పరీక్షకు అవసరం, కాబట్టి నేర్చుకోవాలి. ఇలా చెబితే పిల్లలు విసుక్కోరు, నవ్వుకొని నేర్చుకుంటారు.

నాకు కోడింగ్ రాదు. ఈ ప్రాజెక్టులు చేయించగలనా?

స్ప్రెడ్‌షీట్, జియోజీబ్రా చాలు. ఆసక్తి ఉంటే టర్టిల్‌తో మొదలుపెట్టండి, అందులో ముందుకు నడవడం, తిరగడం అనే రెండు ఆజ్ఞలతో బహుభుజులన్నీ గీయొచ్చు. దీని మూలం 1967లో పిల్లల కోసం తయారైన లోగో భాష.

తొమ్మిదో తరగతి పిల్లలను క్రమ పంచభుజి గీయమనండి. అంతర కోణం 108 అని తెలుసు కాబట్టి చాలామంది తిరగడానికి 108 ఇస్తారు. ఐదు భుజాలయ్యాక బొమ్మ మూసుకోదు. ఆపకండి, పది సార్లు నడవనివ్వండి. మూడు చుట్లు తిరిగి పది మొనల నక్షత్రం వస్తుంది. తాబేలు తిరిగేది బాహ్యకోణం, 72 అని అప్పుడు తెలుస్తుంది. 144 ఇస్తే ఐదు మొనల నక్షత్రం. ఏ కోణానికి ఎన్ని మొనలో చెప్పడానికి మళ్లీ గ.సా.భా. దగ్గరికే రావాలి.

జియోజీబ్రాలో చూపిస్తే నిరూపణ అయినట్టేనా?

కాదు. త్రిభుజాన్ని ఎంత లాగినా కోణాల మొత్తం 180 చూపిస్తుంది, నమ్మకం కలుగుతుంది, అంతే. ఈ తేడా చెప్పడానికి గణిత శాస్త్రజ్ఞుడు ఆయిలర్ పేరుతో ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటి పనికొస్తుంది. ఒక సంఖ్య వర్గానికి అదే సంఖ్యను, ఆపైన 41ని కలపండి. 0 నుంచి 39 వరకు ఏది తీసుకున్నా ప్రధాన సంఖ్యే వస్తుంది. స్ప్రెడ్‌షీట్‌లో నలభై వరసలు చూసిన ఎవరైనా "ఎప్పుడూ అంతే" అంటారు. నలభై ఒకటో వరసలో, 40 దగ్గర, 1681 వస్తుంది. అది 41 వర్గం.

యాభై మంది పిల్లలు, పనిచేసేవి ఆరు కంప్యూటర్లు. ఎలా?

మూడో వంతు పిల్లలు కంప్యూటర్ దగ్గర, మిగతావాళ్లు కొలతలు, చేతి లెక్కల దగ్గర. తర్వాత మార్పు. అసలు సమస్య కంప్యూటర్ల సంఖ్య కాదు, మౌస్ ఎవరి చేతిలో ఉంటుందన్నది. వదిలేస్తే ప్రతి గ్రూపులోనూ అది ఒక మగపిల్లవాడి చేతికే పోతుంది, ఆడపిల్లలు "నీట్‌గా రాసే పని"కి మిగులుతారు. అందుకే ఒక నియమం పెట్టండి: మౌస్ పట్టుకున్నవాళ్లు సొంతంగా ఏమీ చేయకూడదు, పక్కన కూర్చున్నవాళ్లు చెప్పిందే చేయాలి. పది నిమిషాలకోసారి చేతులు మారాలి.

ఐఎఫ్‌పీ ఒక్కటే ఉంటే వంతెన ప్రాజెక్టు క్లాసంతా కలిసి చేయొచ్చు. స్లైడర్ దగ్గరికి ఒకరు, గుణకం అంచనా చెప్పేది మిగతావాళ్లు.

ఇంటర్నెట్ ఉండదు, ఫోన్లు తేనివ్వం. మరి?

జియోజీబ్రా, లిబ్రేఆఫీస్ (ఇందులోనే స్ప్రెడ్‌షీట్ ఉంటుంది), పైథాన్ మూడూ ఒకసారి దించుకుంటే నెట్ లేకుండా పనిచేస్తాయి, పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లొచ్చు. కోణాలు కొలవడానికి, ఫొటోలకు టీచరు ఫోన్ ఒక్కటి చాలు. ఇంటి దగ్గర ఫోన్ ఉందనుకొని ప్రాజెక్టు ఇవ్వకండి. చాలా ఇళ్లలో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో పనికి పోతుంది.

చాట్‌జీపీటీతో రాయించుకొస్తే ఎలా కనిపెట్టాలి?

కనిపెట్టే పని పెట్టుకోకండి. మీ ఊరి టవర్, మీ గవ్వలు, మీ ఇంటి బిల్లు దానికి తెలియవు కాబట్టి సగం సమస్య అక్కడే పోతుంది. మిగతా సగానికి ఐదో పీరియడ్ ఉంది. "టవర్‌కు ఇంకో ఐదు మీటర్లు దగ్గరకు జరిగితే కోణం పెరుగుతుందా, తగ్గుతుందా? సుమారుగా ఎంత?" అని నిలబెట్టి అడిగితే చేసినవాడు చెబుతాడు, చేయనివాడు ఫ్యాన్ వైపు చూస్తాడు. సూత్రంలో తప్పెక్కడుందో అడగడానికి, కోడ్‌లో వచ్చిన ఎర్రర్ అర్థం కాకపోతే తెలుసుకోవడానికి ఏఐని వాడితే నాకు అభ్యంతరం లేదు. ఏమడిగారో నోట్‌బుక్కులో రాయాలి, అంతే.

మార్కులు ఎలా వేయాలి?

ఫార్మేటివ్ మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికి ఎలాగూ చోటుంది. ఉన్న మార్కుల్లో సగం వివరణకు, నోటితో చెప్పిన జవాబులకు పెట్టండి. మిగతా సగం లెక్క సరిగ్గా ఉండడానికి, కొలతలు నిజాయితీగా రాయడానికి. అందానికి సున్నా. ఇది కటువుగా అనిపించొచ్చు గాని, ఫ్యాన్సీ షాపులో తయారుగా అమ్మే థర్మాకోల్ మోడల్‌కు మార్కులు వేసినన్నాళ్లు డబ్బున్న ఇంటి పిల్లలకే పదికి పది. అన్ని కొలతలూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్న పట్టికను అనుమానించండి. చిందరవందరగా, కొట్టివేతలతో ఉన్నదాన్ని గౌరవించండి.

ఎక్కడైనా ప్రదర్శించే అవకాశం ఉందా?

డిసెంబరు 22, రామానుజన్ పుట్టినరోజు, జాతీయ గణిత దినోత్సవం. చాలా బడుల్లో ఆ రోజు ప్రదర్శనలుంటాయి, గవ్వలూ ముగ్గూ జనాన్ని బాగా లాగుతాయి. బడి పిల్లల కొత్త ఆలోచనల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఇన్‌స్పైర్ మానక్‌కు ఎంపికైన ఆలోచనకు 10,000 రూపాయలిస్తారు. అయితే అక్కడ చూసేది కొత్త పరికరం లాంటి ఆలోచనను, పాఠం ప్రాజెక్టును కాదు. అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు సొంతంగా పరికరాలు తయారుచేసే ల్యాబ్) ఉన్న బడైతే కోణం కొలిచే పరికరాన్ని సెన్సార్‌తో తయారు చేయించి చూడొచ్చు.

పిల్లల చేత యాప్‌లలో ఖాతాలు తెరిపించవచ్చా?

అవసరమే లేదు. జియోజీబ్రా ఖాతా లేకుండా పనిచేస్తుంది, ఫైలు కంప్యూటర్‌లోనే దాచుకోవచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు అందరూ పిల్లలే, వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. గ్రూపు ఫొటోలు, పేర్లు, రోల్ నంబర్లతో ప్రాజెక్టు వీడియోలను యూట్యూబ్‌లో పెట్టే అలవాటున్న బడులు ఈ సంగతి ముందే చూసుకోవాలి. స్క్రీన్ మీద పరావలయం కనిపిస్తే చాలు, పిల్లల ముఖాలు అక్కర్లేదు.